ఇటుక బట్టి పొగలో వంకాయ తోట

అరవై తొమ్మిదిలో ఉద్యమం ఊపు మీద ఉండగా పట్నంలో మా ఆడపిల్లల కాలేజీ మూతపడింది. హాస్టల్ ఖాళీ చేసి బస్సెక్కితే అది మొయినాబాద్‌లోనే ఆగిపోయింది. అక్కడి నుంచి చేవెళ్ల దారిలో ఉన్న మా ఊరికి నడిచొచ్చాను. చదువు ఆగిందన్న దిగులు కంటే, ఇక అవ్వ చెప్పే పనులన్నీ చేయాలి కదా అన్న చిరాకే నాకు ఎక్కువ.

అవ్వ అంటే మా అమ్మ. ఆమెకు వంకాయ తోటంటే ప్రాణం. ముట్టయిన ఆడది తోటలో అడుగుపెడితే చెట్లు మాడిపోతాయని మా వైపు గట్టి నమ్మకం. ముట్టు రోజుల్లో ఆడవాళ్లు గట్టు కూడా ఎక్కేవారు కాదు. అన్న పెళ్లయి అప్పటికి ఏడాది కాలేదు. వదిన వచ్చాక తోట పనంతా ఆమె మీదే పడింది.

తోటకు పడమర ఒక ఇటుక బట్టి ఉండేది. ఏటా ఎండాకాలంలోనే కాల్చి ముగించేవారు. ఆ ఏడు బంద్‌ల వల్ల బొగ్గు లారీలు ఆలస్యమై, వానలు మొదలయ్యాక బట్టి అంటించారు. పొగ పైకి పోకుండా మా తోట మీదే పరుచుకుంది. ఆ పొగలోనే ముసురు పట్టింది. ముసురు వెలిసేసరికి వంకాయ ఆకుల నిండా గోధుమ రంగు మచ్చలు, అంచులు మాడి ముడుచుకున్నాయి, పూత రాలిపోయింది.

అవ్వ బట్టి వైపు చూడనే లేదు. సరాసరి ఇంటికొచ్చి వదినను నిలదీసింది.

“ముట్టుతోని తోటలకు పోయినవా, లేదా? ఉన్నది చెప్పు.”

వదిన తల వంచుకుని నిలబడింది. అన్న గోడకు చేరగిలబడి నోరు మెదపలేదు. వాడిని చూస్తే నాకు ఒళ్లు మండింది.

“ఆమె పోలేదే అవ్వా. ఎట్ల అంటవు గట్ల?” అన్నాను.

“నీ సదువు నీ కాడ పెట్టుకో. చెట్టు అబద్ధమాడుతదా? బస్సులు నడువంగనే ఈమెను తల్లిగారింటికి తోలుత. మల్ల రానియ్య.”

అవ్వ అన్నంత పనీ చేసే మనిషి. వదిన ఆ పూట అన్నం ముట్టలేదు.

బస్సులు నడవలేదు. వదినను తోట దరిదాపులకు రానివ్వకుండా అవ్వే పాదులు తవ్వింది, మాడిన ఆకులు గిల్లింది. కొత్త చిగుళ్లొచ్చాయి. బట్టి పొగ ఆగకముందే మళ్లీ ముసురు పట్టింది, చిగుళ్లకూ అవే మచ్చలు. బట్టిని ఆనుకున్న మిరప చేనైతే మోడుగా మిగిలింది. అది పెళ్లాం లేని ఒక ముసలాయన చేను. అందులో ఆడమనిషి కాలు పెట్టి ఎన్నేళ్లయిందో.

అవ్వ ఒక ఆకును కొంగుతో తుడిచింది. కొంగుకు మసి అంటింది. బొగ్గు పొగలోని గంధకం వాన నీటిలో కలిస్తే ఆమ్లమై ఆకును కాలుస్తుందని నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. అవ్వకు ఆ మసి చాలింది. ఇంటికొచ్చి, “నా కోడలు పోలె. ఇది ఆ పొగ చేసిన పని” అని వాడంతా వినేలా చెప్పి, వదినకు తనే అన్నం వడ్డించింది.

సాయంత్రం బావి దగ్గర వదినతో గొప్పగా అన్నాను. “చూసినవా వదినా? నువ్వు పోలేదని నేను ముందుగాలనే చెప్పిన.”

వదిన బిందె కింద పెట్టి, చుట్టూ చూసి, “పోయిన పిల్లా” అంది.

నేను చేద పక్కన పెట్టి ఆమె దగ్గరికి జరిగాను.

“పెండ్లయి వచ్చిన కాన్నుంచి ప్రతి నెల పోతనే ఉన్న. కాయ ముదురుతుంటె ఎట్ల ఆగుత? ముట్టయిన ముచ్చట రెండు దినాలు ఆగి చెప్తుంటి. చెట్లు మంచిగనే కాసినయి.”

“మరి అవ్వ అడిగితె చెప్పకపోతివి?”

“పోలేదంటె అబద్ధమైతది. పోయిన్నంటె ఇల్లు పోతది.”

బట్టి ఆరాక తోట తేరుకుంది. మరుసటి నెల ముట్టు రోజుల్లో వదిన చాటుగా కాయలు తెంపుతుంటే, అవ్వ వస్తుందేమోనని నేను గట్టు మీద కాపలా కూర్చున్నాను.