ఓడ దిగే వేళ ఒక తుమ్ము

పోయిన వేసవిలో నాచారం నుంచి వెళ్లి, చెన్నైలో ఓడెక్కి మూడు రోజులు సముద్రం చూశాం. దిగే రోజు మాత్రం జనం సముద్రాన్ని వదిలేసి మమ్మల్ని చూశారు.

మా మేఘనకు తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. నేర్చుకున్న నియమం చచ్చినా తప్పదు. బలవంతంగా పట్టుకుంటే తల నేలకేసి కొట్టుకుంటుంది. ఒకసారి కుట్లు కూడా పడ్డాయి. మా అమ్మ నేర్పిన నియమం ఏమిటంటే, బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కూర్చుని, నీళ్లు తాగి కదలాలి.

దిగే వంతెన మధ్యలో ఎవరో తుమ్మారు. మేఘన కూర్చుంది. మా నీళ్ల సీసా పెట్టెలో ఉంది, పెట్టె అప్పటికే ఒడ్డు చేరింది. వెనక ఓడెడు జనం.

"పిల్లకు జర భయం జెప్పాలె తమ్మీ, గిట్ల గారాబం జేస్తే ఎట్ల?" అన్నాడు వెనకున్న ఉప్పల్ పెద్దాయన. మూడు రోజులుగా భోజనంతో పాటు ఆయన సలహాలూ తింటున్నాం.

ఇద్దరు సిబ్బంది మేఘనను ఎత్తడానికి వంగారు. నేను పెద్దాయన వైపు తిరిగాను.

"ఎవరో తుమ్మిన్రు మామా. నీళ్లు తాగితేనే లేస్తది," అన్నాను.

"గంతేనా? ముందుగాల జెప్పొద్దా?" అంటూ ఆయన సిబ్బందికి చెయ్యి అడ్డంపెట్టి, తన సంచిలోంచి సీసా తీసిచ్చాడు. మేఘన తాగి లేచింది.

అప్పుడు పెద్దాయనే తుమ్మాడు.

మేఘన సీసా ఆయనకిచ్చి, "తాతా, కూసో," అంది.

ఆయన మోకాళ్లు పట్టుకుని కూర్చుని, బుద్ధిగా నీళ్లు తాగాడు. లైను మళ్లీ ఆగింది. ఈసారి భయం చెప్పాలని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఎక్కడికెళ్లినా చేతిలో రెండు సీసాలుంటాయి. ఒకటి మేఘనకు, ఒకటి సలహాలిచ్చేవారికి.