మంచాలు దూరం దూరంగా వేసిన వార్డు

పెద్దక్క పోయిందని మొన్న శనివారం, నాకిక్కడ పొద్దున్నే, కబురొచ్చింది. రేపల్లె దగ్గర వాళ్ళ తమ్ముడింట్లో మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదట. ఫోన్ చేసింది తమ్ముడి కూతురు. "ఏం బాధ పడలేదండీ, నిద్దట్లోనే పోయింది" అంటూ ఆ పిల్లే నన్ను ఓదార్చింది. బతుకంతా ఇతరుల నిద్రకు కాపలా కాసిన మనిషికి కనీసం ఆ మర్యాద దక్కిందిలే అనుకున్నాను. ఆ తర్వాత నేను పనిచేసే ఆస్పత్రికి ఫోన్ చేసి, మా ఇంట్లో మనిషి పోయింది, డ్యూటీకి రాలేనని చెప్పాను.

పెద్దక్క నాకు తోడబుట్టింది కాదు. సౌదీలో ఖమీస్ ముషైత్‌లో మేము పనిచేసిన ఆస్పత్రిలో మెడికల్ వార్డు హెడ్ నర్సు. తెలుగు నర్సులందరికీ పెద్దక్క. నేనిప్పుడు ఉంటున్నది అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలో, మొక్కజొన్న చేల నడుమ ఒక కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి, జనం మాత్రం ఒక పెద్ద పంచాయతీకి సరిపడా కూడా ఉండరు. పేరు రాయను. ఇక్కడ అందరికీ అందరూ తెలుసు, రాస్తే ఎవరి గురించి రాశానో పట్టేస్తారు. నన్ను ఇక్కడికి పంపింది పెద్దక్కే. ఆమె మాత్రం ఒక్కసారీ ఇక్కడ అడుగు పెట్టలేదు.

సౌదీ అనగానే ఇసుకా ఒంటెలే కళ్ళముందుకొచ్చే వాళ్ళకి ఖమీస్ గురించి ఎంత చెప్పినా నమ్మకం కుదరదు. అది కొండల మీది ఊరు. పొద్దున్నే పొగమంచు కిటికీ దాకా వస్తుంది, చలికాలం ఒక్క దుప్పటి చాలదు. హాస్టల్ గోడ మీద కోతులు వరసగా కూర్చుని మా బట్టల తీగ వైపే చూస్తుండేవి. గురువారం సాయంత్రం ఆస్పత్రి బస్సు మమ్మల్ని సూక్‌కి, అంటే బజారుకి, తీసుకెళ్ళేది. బేరం కుదిరే సమయానికి నమాజు వేళయి షట్టర్లు పడిపోయేవి. అందరం ఒంటినిండా కప్పుకున్న నల్ల అబాయాలు సర్దుకుని మెట్ల మీద కూర్చుంటే, పెద్దక్క తన సంచీలోంచి వేయించిన శనగలు తీసి పంచేది. అవి ఆ సంచీలో ఎప్పుడూ అయిపోయిన గుర్తు లేదు.

అక్కడ చర్చిలకి అనుమతి లేదు. సెలవురోజు శుక్రవారం పొద్దున ఆమె గదిలో తలుపులేసుకుని, గొంతులు తగ్గించుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. పాట ఎత్తుకునేది పెద్దక్కే. అంత పెద్ద గొంతున్న మనిషి అంత చిన్నగా ఎలా పాడేదో నాకిప్పటికీ అర్థం కాదు. ప్రార్థనవగానే పులిహోర, ఆ వెంటనే తిట్లు. ఎవరు ఏ పేషెంటు దగ్గర విసుక్కున్నారో ఆమెకి ముందే తెలిసిపోయేది.

వార్డులో ఆమెవి రెండు పట్టుదలలు. ఒకటి, పేషెంటుతో నిలబడి మాట్లాడకూడదు. "నిలబడ్డావంటే పోతావని ఆయనకి తెలిసిపోయిద్దే. కుర్చీ లాక్కో" అనేది. రెండోది హ్యాండోవర్. డ్యూటీ మారేటప్పుడు దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి మంచం మంచం తిప్పి పేషెంట్ల సంగతి అప్పజెప్పడం నర్సులందరూ చేసేదే. కాకపోతే మిగతా వార్డుల్లో బీపీ, షుగరు, మందులు చెప్పేసి దులుపుకుంటారు. పెద్దక్క దగ్గర అది కుదరదు. ఆయన్ని చూడ్డానికి ఎవరొస్తున్నారు, ఎవరు రావడం మానేశారు, ఎందుకు తినడం లేదు, అన్నీ చెప్పాలి. బస్సు హారన్ కొడుతున్నా సరే. మేము లోపల్లోపల తిట్టుకునేవాళ్ళం.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కోనసీమ. పెళ్ళయిన కొద్దికాలానికే మా ఆయన జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఉండలేక ఖమీస్ వచ్చాను. అందరూ అమెరికా నర్సు పరీక్ష రాస్తుంటే, ఒక్కదాన్నే రాయకపోతే ఏం బాగుంటుందని, సెలవులో బొంబాయి వెళ్ళి రాశాను. పాసయ్యాను. నేను పాసవడం నాకే కాదు, మా హాస్టల్లో ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. కొన్నాళ్ళకి ఈ కౌంటీ ఆస్పత్రి నుంచి ఉద్యోగం ఇస్తామని వచ్చింది. వారంలోగా అవునో కాదో చెప్పమన్నారు.

"ఏందే ఆ మొఖం? ఉద్యోగం వచ్చిందా, ఊడిందా?" అని అడిగింది పెద్దక్క.

"వచ్చిందండి అక్కా. అందుకే భయంగా ఉందండి."

లైబ్రరీలో కంప్యూటరు దగ్గర ఆ కౌంటీ మ్యాపు ముక్కలు ముక్కలుగా ప్రింటు తీసి, వార్డు ప్లాస్టరుతో అతికించి, నా ఇనప బీరువా తలుపుకి అంటించాం. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మ్యాపు నిండా నిలువు గీతలు, అడ్డ గీతలు, అన్నీ రోడ్లే. గళ్ళ లుంగీ పరిచినట్టుంది. నా గదిలో ఉండే విజయవాడ అమ్మాయి వాళ్ళ నాన్న స్థలాల వ్యాపారం చేసేవాడు. అది వేలు పెట్టి మరీ మెచ్చుకుంది. "లేఅవుట్ భలే వేశారే! ఎటు చూసినా రోడ్డే. అన్నీ కార్నర్ బిట్లే. ఇంత పెద్ద టౌన్లో నీకు భయమేంటే?" అంది. ఆ పూట మేమందరం ఆ గడుల మధ్య ఎక్కడ కూరగాయల బజారుంటుందో, ఎక్కడ చర్చి ఉంటుందో, నేను ఏ గడిలో ఇల్లు తీసుకోవాలో తేల్చేశాం. ఆస్పత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక గడి నాకు కేటాయించారు కూడా.

పెద్దక్క వచ్చి కళ్ళజోడు పెట్టుకుని మ్యాపు కింది మూల చూసింది. అక్కడ మైలు కొలత గీత ఒకటుంది. దాని పొడుగు వేళ్ళతో పట్టుకుని పైకి తెచ్చి, నా గడి అంచుకి ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

"మీ కార్నర్ బిట్టు మైలు పొడుగు, మైలు వెడల్పు. కట్టుకోండి ఇల్లు" అంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక విజయవాడ అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. అవి వీధులు కావు, చేల గట్ల వెంట వేసిన మట్టిరోడ్లు. ఒక్కో గడిలో ఒక ఇల్లుంటే ఉంటుంది, లేకపోతే లేదు.

"నేను రానని రాసేస్తానండి. అక్కడ చచ్చినా చూసేవాళ్ళుండరండి. ఉన్న ఒంటరితనం చాలదా అక్కా, మళ్ళీ అంత దూరం పోయి తెచ్చుకోవాలా?" అన్నాను. నా భయం అదొక్కటే. చలీ కాదు, తెల్లవాళ్ళూ కాదు. ఒక రాత్రి నా గుండె ఆగితే తలుపు కొట్టేవాళ్ళు ఉండరని.

పెద్దక్క బతిమాలలేదు. "హ్యాండోవర్ తీసుకోకుండా వార్డు వద్దనకూడదు. రెండ్రోజులాగు" అని వెళ్ళిపోయింది.

రెండ్రోజులకి ఆ కౌంటీ జనాభా వివరాలున్న కాగితాలు పట్టుకుని నా గదికొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. వయసుల వారీగా ఎంతమంది ఉన్నారో, ఒంటరిగా ఉండే ఇళ్ళెన్నో, అన్నీ పేషెంటు చార్టు చదివినట్టే, వేలు కదుపుతూ చదివింది. ఆ అంకెలు నాకు గుర్తు లేవు. ఆమె మొహం మాత్రం గుర్తుంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"చిన్నపిల్లలు ఇంతేనా? డెబ్బై దాటినోళ్ళు ఇంతమందా? కుర్రోళ్ళంతా చదువులకీ ఉద్యోగాలకీ పట్నాలకి పోయుంటారు. ఇది ఖాళీ ఊరు కాదే పిచ్చిమొఖమా. ఇది మన మెడికల్ వార్డు. మంచాలే కొంచెం దూరం దూరంగా వేశారు."

నేను బీరువా తలుపు మీది మ్యాపు వైపు చూశాను.

"నీకొక్కదానికే అనుకుంటన్నావా భయం? అక్కడ ఒక్కో గడిలో ఒక్కో ముసలిది నీలాగే తలుపు వైపు చూస్తా కూర్చునుంటది. వాళ్ళకి నువ్వుంటావు. నీకు వాళ్ళుంటారు. అట్టా కాదంటావా, ఇంటికి పోయి కూర్చో. అక్కడ మాత్రం నీకెవరున్నారు?"

అంత కటువుగా ఇంకెవరన్నా అని ఉంటే ఇక జన్మలో వాళ్ళతో మాట్లాడేదాన్ని కాదు. పెద్దక్క అంది కాబట్టి, ఏడ్చి, మొహం కడుక్కుని, వస్తానని రాశాను.

ఆ వెంటనే ఇంకో చిక్కు. మంచానికీ మంచానికీ మధ్య మైళ్ళ దూరమైతే కారు నడపడం రావాలి. ఆ రోజుల్లో సౌదీలో ఆడవాళ్ళు బండి నడపకూడదు. ఆస్పత్రి వెనక, లాండ్రీ పక్కన, చక్రాలు ఊడదీసి ఇటుకల మీద నిలబెట్టిన పాత అంబులెన్సు ఒకటుండేది. పెద్దక్క కన్ను దాని మీద పడింది. పెషావర్ నుంచి వచ్చిన ముసలి డ్రైవరు, మా అందరికీ ఖాన్ భాయ్, ఆయన్ని అడిగింది. ఆయన గడ్డం నిమురుకుని కాసేపు ఆలోచించాడు. "సిస్టర్, యే గాడీ నహీ హై, కుర్సీ హై. కుర్సీ పర్ బైఠ్నా మనా నహీ" అన్నాడు. చక్రాల్లేనిది బండి ఎలా అవుతుంది, ఉట్టి కుర్చీ, కుర్చీలో కూర్చోవద్దని ఎవరంటారని ఆయన లెక్క.

ఇక ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అదే పని. ఖాన్ భాయ్ కిటికీ పక్కన నిలబడి క్లచ్చు, బ్రేకు, అద్దం అని చెప్పేవాడు. ముందు సీటులో పెద్దక్క మ్యాపు ఒళ్ళో పరుచుకుని దారి చెప్పేది. "ఆస్పత్రి గేటు దాటావు. ఇప్పుడు ఉత్తరానికి పో. వంతెనొచ్చింది, నెమ్మది. ఎడమ పక్క చర్చి. దండం పెట్టుకో, స్టీరింగు వదలమాక!" వెనక స్ట్రెచరు మీద హాస్టల్ అమ్మాయిలు పేషెంట్లయి మూలుగుతుండేవాళ్ళు. మలుపు గట్టిగా తిప్పితే "అయ్యో, నా నడుం!" అని పెద్దక్కే అరిచేది. గోడ మీద కోతులు మమ్మల్ని జాలిగా చూసేవి. అంగుళం కదలని ఆ బండిలో నేను ఈ కౌంటీ అంతా తిరిగాను. నిజంగా ఇక్కడికొచ్చాక ఏ రోడ్డెక్కినా, పక్కన ఆమె గొంతు వినపడేది.

దేశం వదిలి వెళ్ళడానికి నా ఎగ్జిట్ వీసా వచ్చి, ఎయిర్‌పోర్టుకి బండి ఎక్కేటప్పుడు ఆమె ఏడవలేదు. నాకూ ఏడ్చే వీలివ్వలేదు. "చేరాక ఫోన్ చెయ్యి. నీ సోది నాకొద్దు. వాళ్ళ సంగతి చెప్పు" అంది.

చెప్పాను. ప్రతి ఆదివారం చెప్పాను. మొదట్లో నా సోదే ఎక్కువ ఉండేది, అది ఓపికగా విని "సరే, ఆ పశువుల ముసలాయన మోకాలు ఎట్టుంది?" అని అడిగేది. నా ఇంటికి అందరికంటే దగ్గర ఇల్లు ఆయనదే. పశువులు పెంచుకుంటూ, భార్య పోయి ఒంటరిగా ఉండేవాడు, మాత్రలు వేసుకోమంటే మొండికేసేవాడు. ఒకసారి ఆయన మసి పట్టి మూసుకుపోయిన నా చిమ్నీ చూడ్డానికి వచ్చినప్పుడు పెద్దక్క లైన్లో ఉంది. ఫోన్ ఇమ్మంది. ఇచ్చాను. "యూ టేక్ టాబ్లెట్. డెయిలీ. నో స్టోరీ. ఖలాస్" అంది. అరబ్బీ మాట ఆయనకి అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. "యెస్ మేడమ్" అన్నాడు, టోపీ తీసి. తర్వాత ఆదివారాల్లో ఆయన కావాలనే ఆ వేళకి వచ్చేవాడు. ఆయన చెబితే వంతెన దగ్గరి ముసలమ్మ వచ్చింది. చర్చి పక్కన టీచరు చేసి రిటైరైన ఆవిడ వచ్చింది. పెద్దక్క అందరినీ గద్దించేది. తన మొరటు ఇంగ్లీషుకి వాళ్ళు నవ్వితే తనూ నవ్వేది.

ఉద్యోగం వదిలి, ఖమీస్ నుంచి ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని రేపల్లె చేరాక కూడా ఆదివారం ఆగలేదు. ఎన్నిసార్లు రమ్మన్నా "మోకాళ్ళు ఒప్పుకోవటంలేదే. అయినా నాకు తెలియని రోడ్డేముంది అక్కడ?" అనేది. నాకు కోపమొచ్చేది. ఒక్కసారి వచ్చి, నేనెలా ఉన్నానో కళ్ళారా చూసి వెళ్ళొచ్చు కదా అని. ఆ కోపం ఇంకా తీరలేదు, ఇక తీరదు.

మొన్న శనివారం ఆస్పత్రికి ఫోన్ చేశాక ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, చావు జరిగిన ఇల్లు రేపల్లెలో ఉంది, నేనిక్కడున్నాను అనుకుని తలుపేసుకుని పడుకున్నాను. ఇక్కడొక ఆచారముంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు. చుట్టుపక్కలవాళ్ళు మూత పెట్టిన గిన్నెల్లో వండి తెస్తారు. నర్సుగా అలాంటి ఇళ్ళకి నేనూ చాలాసార్లు పట్టుకెళ్ళాను.

మధ్యాహ్నం బండి చప్పుడైంది. నా ఇంటి ముందు రోడ్డు మీద పొద్దుట్నుంచి రాత్రి దాకా ఒక బండి వెళితే గొప్ప. తలుపు తీశాను. పశువుల ముసలాయన, పెళ్ళికీ చావుకీ తొడుక్కునే నల్లకోటులో. చేతిలో మూత పెట్టిన గిన్నె. జీవితంలో ఎప్పుడైనా వండాడో లేదో, అంచుల్లో మాడిన వాసన వస్తోంది.

"ఆస్పత్రిలో చెప్పారు. మీ అక్కగారి ఇల్లు ఇదే కదా?" అన్నాడు.

ఔనన్నాను. ఆయన వెనక ఇంకో బండి ఆగింది. వంతెన దగ్గరి ముసలమ్మ దిగి, చేతికర్ర ఒక చేత్తో, గిన్నె ఒక చేత్తో పట్టుకుని కంకర మీద మెల్లగా నడిచొస్తోంది. సాయం వెళదామని మెట్లు దిగాను. అప్పుడు కనపడింది, దూరంగా, కోసేసిన మొక్కజొన్న చేల మీదుగా మూడు దిక్కుల నుంచీ దుమ్ము లేస్తోంది. ఒక్కో దుమ్ము ముందు ఒక్కో బండి, అన్నీ నా ఇంటి వైపే వస్తున్నాయి.