నల్లోడి గోళ్ళకు తొడుగులు

నిన్న మధ్యాహ్నం మా తోడికోడలు ఫోనులో ఒక ఫోటో పంపింది. తెల్లటి బొచ్చుకుక్కపిల్ల, నాలుగు కాళ్ళ గోళ్ళకూ గులాబీ రంగు రబ్బరు తొడుగులు. కింద ‘ముద్దుగా ఉండాది కదా అక్కా’ అని రాసింది. బ్రూస్‌పేటలో మా ఇంటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నదాన్ని, చాట పక్కకు నెట్టేశాను. ఒళ్ళు మండిపోయింది. గోళ్ళ తొడుగుల ఫోటో ఆ మనిషే నాకు పంపాలా? సిగ్గనేది అంగట్లో దొరికితే ఒక శేరు కొని ఆమెకు పంపేదాన్ని.

కప్పగల్లు దగ్గర మా మామగారికి చేను ఉండేది. దానికి కాపలా ఒక నల్లకుక్క. నల్లోడు అని పిలిచేవారాయన. జాతీ గీతీ ఏమీ లేదు. రోజంతా రాళ్ళ గట్ల మీద తిరిగేది కాబట్టి దాని గోళ్ళు వాటంతటవే అరిగేవి. కుక్కకు గోళ్ళు కత్తిరించాలన్న సంగతే మాలో ఎవరికీ తెలియదు. మా మరిది ఖనిజం లారీలు తిప్పి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక ఊరి చివర లేఅవుట్‌లో కొత్త ఇల్లు కట్టాడు. మోకాళ్ళు పట్టేసిన మామగారిని చేనునుంచి అక్కడికి తీసుకుపోయాడు. వెంట నల్లోడూ వెళ్ళింది. అది లేకుండా ఆయన తినరు, ఆయన లేకుండా అది తినదు.

ఇంకేముంది, మా తోడికోడలికి నిద్ర కరువైంది. ఆ ఇంట్లో దేవుడి గదికంటే పవిత్రమైనది హాల్లోని నేల. ఇటలీ నుంచి వచ్చిన పాలరాయట. గడప తొక్కినవాళ్ళ ముఖం చూడదామె, పాదాలు చూస్తుంది. నేను వెళ్ళినా ‘కాళ్ళు కడుక్కుంటివా అక్కా’ అనడమే తప్ప మంచినీళ్ళ ఊసెత్తేది కాదు. “ఇది నేలంతా గీకుతాండాది మామా. చేన్లోనన్నా ఇడిసిపెట్టండి, లేదంటే గోర్లకు ఏమన్నా తొడగల్ల,” అని ఒకరోజు తేల్చేసింది. ఒకరి ఇంట్లో మంచమెక్కిన ముసలాయన ఏం చెప్తారు? తొడగమన్నారు.

తొడుగులు బెంగళూరు నుంచి తెప్పించారు. వాటితో వచ్చిన జిగురు నిలవలేదు. మా మరిది ఊరుకుంటాడా? లారీలవాళ్ళ ఇళ్ళలో సర్వరోగాలకూ ఒకటే మందు, ట్యూబు పంక్చరుకు పూసే సొల్యూషను. చెప్పు తెగినా, బకెట్టు కారినా అదే పూస్తారు. పెళ్ళి సంబంధం తప్పిపోయినా అదే పూస్తారేమోనని మా ఆయన ఎగతాళి చేసేవారు. దానితోనే నల్లోడి గోళ్ళకు తొడుగులు అతికించాడు. “లారీ ట్యూబుకే ఊడదు వదినా. మజ్బూతుగా ఉంటాది,” అని నాకు గర్వంగా చూపించాడు కూడా.

నున్నటి రాతిమీద కుక్కకు ఉన్న పట్టంతా గోళ్ళే. అవి మూసుకుపోయాక నల్లోడు అడుగు వేస్తే చాలు జారేది. వెనక కాళ్ళు చెరోవైపు పోయి పొట్టమీద కూలబడేది. మా తోడికోడలు నవ్వి, వీడియో తీసి చుట్టాలందరికీ పంపింది. పోనుపోను అది మామగారి మంచం కిందనుంచి లేవడమే మానేసింది. “సోంబేరి అయిపాయ అక్కా,” అంది నాతో.

ఒక ఆదివారం వెళ్ళేసరికి మంచం కింద కుళ్ళు వాసన. మామగారు నా చెయ్యి పట్టుకుని, “నల్లోడు తినక శానా దినాలాయనమ్మా. ఎవురికి చెప్పినా సుమ్నె ఉండు, ఊరుకో అంటారు,” అన్నారు. వంగి దాని కాలు ఎత్తి చూశాను. గోళ్ళు అరిగే దారిలేక పెరిగి, తొడుగులతో సహా వంపు తిరిగి అరికాలి కండలోకి దిగబడి ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరినీ అడగలేదు. ఆటో పిలిచి ఇద్దరినీ ఎక్కించుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరు కన్నడాయన. “ఏనమ్మా ఇదు, టైరుకు పూసేది గోరుకు పూస్తారా? నెలకోతూరి తీసి గోరు కత్తిరించల్ల కదా,” అని నన్ను కసిరాడు. కోస్తున్నంతసేపూ నల్లోడు ఎవరినీ కరవలేదు, మామగారి చేతిని నాకుతూ పడుకుంది. ముందరి కాలి వేళ్ళు రెండు తీసెయ్యాల్సి వచ్చింది.

తిరిగి వస్తే మా తోడికోడలు గేటు దగ్గరే నిలబడి ఉంది. కుక్క కాలి కట్టు చూసి, “నెత్తురు కారుతాండాది, లోపలికి తేవద్దు మామా,” అంది. కోడళ్ళ మీద ఎన్నడూ గొంతు పెంచని మనిషి మా మామగారు. అప్పుడూ పెంచలేదు. “నీ నేల నీకే సల్లగా ఉండనీమ్మా. కాళ్ళుండే జీవాలకు అది పనికిరాదు,” అన్నారు. ఆటో దిగకుండానే బ్రూస్‌పేటకు పోనిమ్మన్నారు.

మా ఇంట్లోవి గరుకు నల్లబండలు. నల్లోడు వాటిమీద కుంటుకుంటూ నడిచింది గానీ మళ్ళీ పరుగెత్తలేదు. మామగారు చనిపోయిన ఏడాదే అదీ పోయింది. ఆయన దినాలకు మా తోడికోడలు వచ్చి భోరున ఏడ్చింది. ఆ ఏడుపులోనూ మా బండలమీద కాలు పెట్టే ముందు కిందికి చూసుకుంది.

పెళ్ళిళ్ళలో ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం, తాంబూలాలు అందుకుంటాం, నవ్వుతూ మాట్లాడుకుంటాం. కాలం గడిస్తే కోపం అరిగిపోతుందంటారు పెద్దలు. నలుగురిలో తిరిగే కోపమైతే అరుగుతుందేమో. ఇన్నేళ్ళూ నవ్వు తొడిగి దాచుకున్న నా కోపం మాత్రం నాలోకే దిగింది.