నిమ్మకాయతో తోమిన పిస్టల్

అరబ్బు దేశంలో బహ్లా అనే ఊళ్లో మా ఆఫీసంటే ఒక గది, రెండు బల్లలు, తిరగడం ఇష్టం లేని ఒక ఫ్యాను. డెబ్బైల్లో అక్కడ నా డ్యూటీ, జనం తెచ్చే పాత పిస్టళ్ల వయసు తేల్చి రిజిస్టరులో రాయడం. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందువని తేలితే ఇంటివాళ్లే ఉంచుకోవచ్చు. తేలకపోతే అప్పగించాలి. పిస్టల్ మీద చెక్కిన నంబరును బట్టి పుస్తకంలో తయారైన ఏడాది వెతకాలి, తర్వాత పిడి, మీట, గొట్టం ఆ ఏటివేనా అని పోల్చాలి. సగం వాటికి పాత ఒంటి మీద కొత్త పిడి ఉండేది. మూడో నెలకల్లా నాకు ప్రాణం విసిగిపోయింది.

ఒకరోజు ఒక ముసలాయన గుడ్డలో చుట్టి ఒకటి తెచ్చాడు. తండ్రి గుర్తుగా ఇంట్లో మిగిలింది అదొక్కటేనని, కరాచీలో కూలి చేసినప్పుడు నేర్చిన హిందీలో చెప్పాడు. పిడి వెనక ఒక మీట ఉంది. అరచేత్తో దాన్ని నొక్కితే గాని పేలదు. అది పాత రకమే, నాకు అనుమానం లేదు. నంబరు మాత్రం జిడ్డు కింద సగమే కనిపించింది. బల్ల కింద కిరసనాయిలుంది, గుడ్డ ఉంది, రెండు నిమిషాల పని. కానీ అన్నం వేళయింది, బద్ధకించాను.

"సాఫ్ చేసుకుని వచ్చే వారం రా, చాచా" అన్నాను.

వారానికి వచ్చాడు. పిస్టల్ తళతళా మెరుస్తోంది. ఇంట్లో వెండి ఖంజరు బాకును తోమినట్టే, ఆయన భార్య రోజూ నిమ్మకాయ, సన్న ఇసుక పెట్టి తోమిందట. నంబరు ఉండాల్సిన చోట వేలితో తడిమాను. నున్నగా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు విప్పి చూశాను. లోపలి ముక్క మీద చివరి రెండంకెలే ఉన్నాయి, వాటితో ఏడాది తేలదు.

మా ఆఫీసరు హైదరాబాదాయన. మీట చూపించి బతిమాలాను.

"మీట ఎవడన్న మార్పిస్తడయ్యా. నంబర్ లేకుంట నేనెట్ల సంతకం పెట్టాలె?"

"పోయిన వారం సగం కనబడింది సార్."

"మరప్పుడేం జేసినవ్?"

నా మీద నాకే అసహ్యం వేసింది. 'నంబరు లేదు' అని చీటీ రాసి పిస్టల్‌కు కట్టాను. ఇది ఇక్కడే ఉంచాలి చాచా అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. బల్ల మీదుగా చెయ్యి చాపాడు.

"ఇంకా సాఫ్ కాలేదా? ఇలా ఇవ్వు. ఇంకో వారం తోమించి తెస్తాను."