మగ్గు చప్పుడు

మా ఆవిడ స్నానానికి వెళ్ళిందంటే నేను బయట కుర్చీలో చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. మగ్గు బకెట్లో మునిగిన చప్పుడు, నీళ్ళు నేల మీద పడ్డ చప్పుడు, మళ్ళీ మగ్గు. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. పోయిన వానాకాలం, స్నానం చేసే చోట నీళ్ళు ఆగడానికి కట్టిన జానెడు గట్టు దాటబోయి జారి పడింది. అప్పటినుంచి నాకిదే కాపలా. విడవలూరు పక్క రొయ్యల గుంటల్లో గాలి కొట్టే మోటార్లు బాగుచేసి బతికినవాణ్ణి. మోటారు ఆగితే గాలాడక రొయ్యలు చస్తాయి; చప్పుడు ఆగితే లేచి పరిగెత్తడం ఒంటికి పట్టేసింది.

ఒకరోజు ఆమే మేస్త్రీని పిలిపించింది.

"ఈ గట్టు కొట్టేసి నేల సమం చేస్తామన్నా. బకెట్టుతో పన్లేదు. నడుచుకుంటా పోయి షవరు కింద నిలబడేదే," అన్నాడతను. ఆమె ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"వద్దు. నీళ్ళన్నీ పడగ్గదిలోకొస్తాయి."

"వాలు పెడతాం గదన్నా."

"వద్దంటే వద్దు!"

అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. షవరు నీళ్ళు మనిషి నిలబడినా పడతాయి, పడిపోయినా పడతాయి. బయట కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నాకు కీడెంచడం వరకే చేతనవుతుంది. ఆ మాట పైకంటే నిజంగానే జరుగుతుందేమోనని భయం.

వారం రోజులు ఆమె నాతో సరిగా మాట్లాడలేదు. కంచం నా ముందు పెట్టేసి లోపలికి పోయేది.

ఆదివారం పొద్దున చర్చికి టైమవుతోంది. మగ్గు చప్పుడు ఆగింది. తుడుచుకుంటోందిలే అనుకున్నాను. ఎంతకీ రాదు.

"మే!" అని పిలిచాను. పలకలేదు. "మే, నిన్నే! వినపడలా?"

తలుపు తోశాను. లోపల గడియ. దేవా, దేవా అనుకుంటూ భుజంతో గుద్దాను. రెండో గుద్దుకు గడియ ఊడి కింద పడింది.

గట్టుకు అవతల, నేల మీద, తడి లంగాతో కూర్చుని ఉంది. కాలెత్తి గట్టు దాటలేక అలాగే కూలబడిపోయిందట. దెబ్బేమీ తగల్లేదు.

"పిలిస్తే పలకడానికేం రోగం నీకు?" అని అరిచాను.

"ఎందుకు పలకాల? గట్టు తీయమంటే ఇల్లు కూల్చమన్నట్టు ఎగిరినావే! ఇప్పుడు చూడు."

"షవరు పెడితే నువ్వు పడిపోయినా నీళ్ళు పడతానే ఉంటాయి మే! నువ్వు బతికుండావో లేదో నాకెట్ట తెలిసేది?"

అనేశాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె, స్నానం చేసేటప్పుడు నన్ను ఆ ఛాయలకు రానిచ్చిన మనిషి కాదు. అలాంటిది, తువ్వాలు భుజాల మీదికి లాక్కుని చెయ్యి చాచింది. పట్టుకుని లేపాను.

"రేపు మేస్త్రీకి ఫోన్ చెయ్యి," అంది. "తలుపుకు మాత్రం మళ్ళీ గడియ బిగించమాక."