బాగైనవాళ్ళు రారు

నా బడిచదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా నరసరావుపేట గ్రంథాలయంలో, బట్టల కొట్టులో బేరాల్లేని మధ్యాహ్నాల్లో చదివిందే. మా చెల్లెలు సర్జన్ అయింది. వైద్య కళాశాలలో పాఠాలు చెబుతూ పరిశోధనకు ప్రభుత్వ నిధులు కూడా తెచ్చుకుంది. ఆ పరిశోధన ఏందో ఇంట్లో అర్థమైంది నాకొక్కడికే. గ్రంథాలయంలో ఆ విషయం మీదున్న పుస్తకాలు అప్పటికే తిరగేసి ఉన్నాను మరి.

మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, మోసే ముఠా కూలీలకు గజ్జల్లో హెర్నియా వస్తుంటుంది. లోపల వలలాంటి జాలీ వేసి కుట్టాక మళ్ళీ బరువులు మోస్తే అది నిలుస్తుందా? ఇదే ఆమె ప్రశ్న. పొద్దున ఓపీ, ఆపరేషన్లు, ఆ తర్వాత విద్యార్థులు. పరిశోధనకు మిగిలేది ఆదివారాలే. ఆపరేషన్ అయిన ఏడాదికి మనిషి ఆస్పత్రికొచ్చి స్కాన్ తీయించుకోవాలి. ఇంటికెళ్ళి చూసొస్తే కుదరదు. వచ్చినవాళ్ళే లెక్క. లెక్క చాలితేనే నిధులు కొనసాగుతాయి, లేదంటే అన్నేళ్ళ పని అక్కడితో సరి.

ఏడాది తిరిగింది. చెల్లెలు ఫోన్ చేస్తే అందరూ "అట్నేలే డాక్టరమ్మా" అన్నారు. రావడం మాత్రం రాలేదు.

మా వైపు ఒక పట్టింపు ఉంది. నయమై ఆస్పత్రి నుంచి బయల్దేరితే వెనక్కి తిరిగి చూడరు. మా నాన్న ఆపరేషన్ అయి ఇంటికొస్తూ నర్సుకు మర్యాదగా "వస్తానమ్మా" అనబోయాడు. మా అమ్మ ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నేను చదివిన పుస్తకాల్లో ఈ ముక్క ఎక్కడా లేదు.

నేను నచ్చజెబుతాలే అని చెల్లెలికి మాటిచ్చాను. ఓ ఆదివారం నూజెండ్ల దగ్గర ఒక ఊరికి వెళ్ళాను. ఆ ఇంటాయన మా చెల్లెలి చేత ఆపరేషన్ చేయించుకున్న ముఠా కూలీ. ఆయన భార్య మా కొట్టుకు పాత బేరం. మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది. నాకు తెలిసిందంతా విప్పి చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"మా ఆయన బాగున్నాడుగా, సెట్టిగారూ?"

బాగున్నాడనే చూపించమంటున్నానన్నాను.

"బాగున్నోడు ఆస్పత్రికి దేనికయ్యా? బాగుచేసిన డాక్టరమ్మకే నమ్మకం లేదా ఏంది?"

గోడవారగా కూర్చున్న ఆయన నవ్వాడు. "మా ఇంటామె పంపిస్తే వస్తాను, సెట్టిగారూ. పంపదు."

మా అమ్మ బతికుంటే ఆమె కూడా పంపేది కాదు.

చివరికి కొందరు వచ్చారు. వాళ్ళంతా నొప్పి తిరగబెట్టినవాళ్ళే. బాగైనవాళ్ళు ఇళ్ళ దగ్గర ఉండిపోయారు. దాంతో కాగితం మీద మా చెల్లెలి ఆపరేషన్ పనికిరానిదని తేలింది. ఇలాంటి లెక్క ఎందుకు తప్పో నేను చదివాను. నాకంటే బాగా ఆమెకు తెలుసు. నిధులిచ్చే పైవాళ్ళకూ తెలుసట. అయినా రానివాళ్ళు బాగున్నారని రుజువేదీ అన్నారట. నిధులు ఆగిపోయాయి.

ఫోన్‌లో ఆ సంగతి చెప్పి, "రేపు ఓపీ ఉందన్నయ్యా, పడుకుంటా" అంది. ఓదార్పుగా ఏదో అనాలని పుస్తకాల్లో మాటలు వెతుక్కుంటుండగానే పెట్టేసింది.

మిర్చి సీజన్లో పనిమీద కోల్డ్ స్టోరేజీ వైపు వెళ్ళాను. ఆ నూజెండ్ల మనిషి లారీ దగ్గర కనిపించాడు. వంగి, టిక్కీ వీపున వేయించుకుని, ఒక్క ఊపున లేచాడు. చెక్క మెట్ల మీదుగా పైకెక్కి దించి వచ్చాడు. నన్ను చూసి, తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ, "డాక్టరమ్మ చల్లగుండాలి సెట్టిగారూ, కలుక్కుమన్నది లేదు" అన్నాడు.

చెబుతానన్నాను. ఆయన ఇంకో టిక్కీకి వంగాడు. అలా చూస్తూ నిలబడ్డాను. నేను చూస్తే లెక్కలోకి రాదు.