పొడి కాగితం

ఆసుపత్రిలో ఆయన్ని ఎవరూ పేరుపెట్టి పిలిచేవారు కాదు. పెద్ద డాక్టరు నుంచి నేల తుడిచే ఆమె దాకా అందరికీ ఆయన పైపుల మేస్త్రి. ఆయన పోయి రెండేళ్ళు దాటినా, నాలుగో అంతస్తులో ఏ కుళాయి కారినా ఇప్పటికీ ఎవరో ఒకరు "మేస్త్రి ఉంటేనా" అంటారట. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఆయన తలపుకు వస్తే ముందు గుర్తొచ్చేవి ఒక శనివారం, ఒక ఆదివారం. ముప్ఫయ్యొక్కేళ్ళ ఉద్యోగం ఒక్క ఇంగ్లీషు ఉత్తరం మీద వేలాడిన రెండు రోజులు.

ఆసుపత్రి కింది అంతస్తులో, నేలకు దిగువన, పాత ఎక్స్‌రే ఫిల్ములూ రోగుల ఫైళ్ళూ దాచే గది ఒకటి ఉండేది. ఒక మంగళవారం మేస్త్రి ఆ గది గోడ వెంట పోయే నీళ్ళ పైపులో పాడైన ముక్క కోసి, కొత్తది వేసి, ఛాతీ ఎత్తున జాయింటు బిగించాడు. బుధవారం వడ్రంగి వచ్చి పైపు కనబడకుండా నిలువునా చెక్క పెట్టె కట్టి, మరలు బిగించి, వాటి మీద రంగు కూడా పూసి వెళ్ళాడు. శుక్రవారం పొద్దున్న తలుపు తీసేసరికి గదిలో చీలమండ లోతు నీళ్ళు. కింది అరల్లో ఫైళ్ళన్నీ నాని ముద్దయ్యాయి. నీళ్ళు ఆ చెక్క పెట్టె అడుగు నుంచే ఊరుతున్నాయి. ఆ వైపు మెయిన్ వాల్వు కట్టేస్తే ఆగాయి.

ఇక ఎవరికీ వేరే అనుమానం రాలేదు. మంగళవారం వేసిన జాయింటు, శుక్రవారం వచ్చిన నీళ్ళు. ఆసుపత్రి వ్యవహారాలు చూసే మేడమ్ మేస్త్రిని గదిలోకి పిలిపించింది.

"సోమవారం పదింటికి బీమా ఆఫీసర్ వస్తున్నారు. అప్పటిదాకా ఆ గది తాళం నా దగ్గరే ఉంటుంది. ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. మీరు ఏం చేశారో వివరంగా రాసి తీసుకురండి. ఇంగ్లీషులో. అది వాళ్ళ పై ఆఫీసుకి వెళ్తుంది."

"తప్పు నాదని తేలితే మేడమ్?"

"తేలాక చూద్దాం."

కిందటేడు వైర్ల దగ్గర చేసిన పొరపాటుకి ఎలక్ట్రీషియన్‌ని మర్నాడే ఇంటికి పంపిన ఆఫీసు అది. అప్పుడు కూడా మేడమ్ ఇలాగే నెమ్మదిగా మాట్లాడింది.

మేస్త్రిని లోపల్లోపల తొలిచేది ఇంకొకటి ఉంది. ఏడాదిగా ఆయన కుడి చేతి వేళ్ళకు పట్టు తగ్గింది. రెంచీ పట్టుకుంటే చివరి అర తిప్పు దగ్గర చెయ్యి వణికేది. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. మంగళవారం ఆ అర తిప్పు తిరిగిందో లేదో ఎంత తలచుకున్నా ఆయనకు గట్టిగా తెలియడం లేదు.

శనివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. గంట తరవాత రెండు వీధుల అవతల ఉండే మరదలు వచ్చింది. భార్యకు చెల్లెలు, బడిలో ఇంగ్లీషు టీచరు. వచ్చీ రాగానే చెయ్యి చాపి కాగితం లాక్కుంది. అందులో ఉన్నది తెలుగులో చెప్పుకుంటే ఇంతే: మంగళవారం వచ్చాను. పైపు కోశాను. కొత్త పైపు వేశాను. జాయింటు బిగించాను. ఇంటికి వెళ్ళాను. శుక్రవారం నీళ్ళు వచ్చాయి.

"ఇదేంటి బావా, టెలిగ్రామా?"

"పని చీటీలు ఇలాగే రాస్తాం. ముప్ఫయ్యేళ్ళలో ఎవరూ వంక పెట్టలేదు."

"పని చీటీకి ఇది చాలు. ఉత్తరానికి చాలదు. ఈ ఆరు వాక్యాలూ బస్టాపులో నిలబడ్డ ఆరుగురు మనుషుల్లా ఉన్నాయి. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవట్లేదు."

"అయితే ఇప్పుడు నేను వాళ్ళకి పరిచయాలు చెయ్యాలా?"

"చెయ్యాలి. ఆ పనికే బడిలో నాకు జీతం ఇస్తున్నారు."

వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది. "పాఠాలు తరవాత చెప్పించుకుందురుగాని. ముందు ఈ కుళాయి సంగతి చూడండి. ఎనిమిది నెలలైంది. పైపుల మేస్త్రి పెళ్ళాన్నని బయట చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది."

"రేపు చూస్తా."

"ఆ రేపు కోసమే అదీ కారుతోంది పాపం, చుక్క చుక్క."

మరదలు నవ్వాపుకుని, నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఆరు చీటీలు చేసింది. ఒక్కోదాని మీద ఒక్కో ఇంగ్లీషు మాట రాసి బల్ల మీద పరిచింది. సో. బికాజ్. బట్. ఆల్దో. బిఫోర్. ఇఫ్. ఒక్కోటి రెండు మాటల్ని ఎలా కలుపుతుందో చెప్పుకుంటూ వచ్చింది. మేస్త్రి కళ్ళజోడు సర్దుకుని కాసేపు చీటీలను అటూ ఇటూ జరిపాడు. తరవాత బట్ అన్న చీటీ మీద వేలు పెట్టాడు.

"ఇది ఎల్బో. నీళ్ళు తిన్నగా పోతాయనుకుంటాం, ఇది పక్కకి తిప్పుతుంది."

మరదలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మరి సో?"

"సాకెట్టు. రెండు పైపుల్ని తిన్నగా కలుపుతుంది, నీళ్ళు ముందుకే పోతాయి."

"బికాజ్?"

కాస్త ఆలోచించాడు. "అదీ సాకెట్టే. నీళ్ళు వెనక్కి పోతాయి, అంతే."

"ఇఫ్?"

"వాల్వు. తిప్పితేనే ముందుకి."

"ఇరవై రెండేళ్ళుగా గొంతు చించుకుంటున్నాను. ఒక్కళ్ళ బుర్రకైనా ఎక్కించలేకపోయాను. సోమవారం క్లాసులో ఇదే చెప్తాను బావా, మీ పేరు మాత్రం చెప్పను."

"చెప్పకు. సోమవారం తరవాత నా పేరు ఎలా ఉంటుందో తెలీదు."

ఆ మాటకు భార్య వంటింట్లోంచి తొంగి చూసింది.

సాయంత్రానికి ఆయన రెండో ఉత్తరం తయారుచేశాడు. మరదలు వదిలి వెళ్ళిన వ్యాకరణ పుస్తకంలో కనబడ్డ మాటనల్లా అందులోకి ఎక్కించాడు. మంగళవారం వచ్చాను, అంతేగాక పైపు కోశాను, అయినప్పటికీ కొత్త పైపు వేశాను, తత్ఫలితంగా ఇంటికి వెళ్ళాను. ఆదివారం పొద్దున్న మరదలు అది చదివి చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?" అడిగింది అక్క.

"తెలీట్లేదక్కా. కొత్త పైపు వేసిన ఫలితంగా బావ ఇంటికి వెళ్ళాడని నాకు తెలీదు."

మేస్త్రి కోపం తెచ్చుకోలేదు. కాగితం తీసుకుని పైపు లైను తనిఖీ చేసినట్టు మొదటి నుంచి చివరిదాకా వేలితో తడుముకుంటూ చదివాడు. "జాయింట్లు ఎక్కువైపోయాయి," అన్నాడు. "అక్కర్లేని చోట జాయింటు పెడితే రేపు అక్కడే కారుతుంది." పెన్సిలు తీసి ఒక్కొక్కటీ కొట్టేశాడు. చివరికి మూడే మిగిలాయి.

"ఇప్పుడు దారికొచ్చింది," అంది మరదలు. "కానీ జాయింటు బిగించడానికీ ఇంటికి వెళ్ళడానికీ మధ్య ఖాళీగా ఉంది." ఆ రెండు వాక్యాల నడుమ బిఫోర్ అన్న చీటీ పెట్టింది. "వెళ్ళే ముందు ఏం చేశారు? ఇది రెండు వైపులా అడుగుతుంది. ఒక వైపే ఇచ్చి ఊరుకుంటే కుదరదు."

"ఏముంది, సామాను సర్దుకున్నాను. చేతులు కడుక్కున్నాను."

"ఇంకా?"

"ఇంకేముంటుంది? అందరూ చేసేదే."

"అందరూ ఏం చేస్తారు?"

"కాగితం కడతాం."

మరదలు కలం కింద పెట్టింది. "ఏం కాగితం?"

ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "జాయింటు బిగించాక దాని చుట్టూ న్యూస్‌పేపరు ముక్క చుట్టి దారంతో కడతాం. నీళ్ళు సన్నగా చెమర్చినా చేతికి తెలీదు, కాగితానికి తెలుస్తుంది. ఒక్క బొట్టు తగిలినా ముడత పడుతుంది, ఎండినా ఆ ముడత పోదు. నేనైతే ఆ రోజు పేపరు పైన తేదీ ఉండే ముక్కే చింపుతాను. ఎప్పుడు కట్టానో రాసుకునే పని ఉండదు."

"ఆ కాగితం ఇప్పుడెక్కడుంది?"

"పెట్టెలోనే. మర్నాడు విప్పి చూద్దామనుకున్నాను. ఈలోపు వడ్రంగి మూసేశాడు."

"బావా, ఈ ముక్క శుక్రవారమే ఎందుకు చెప్పలేదు?"

"ఇది కూడా చెప్పాలా? అన్నం వండానని చెప్పేటప్పుడు పొయ్యి ఆర్పానని మీ అక్క విడిగా చెప్తుందా?"

అక్కాచెల్లెళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మేస్త్రి మొహంలోకి మాత్రం వెలుగు రాలేదు. కాగితం కట్టిన మాట నిజమే. అది ఇప్పుడు పొడిగా ఉందో తడిసి ముద్దయిందో ఎవరికీ తెలియదు. ఆయన కుడి చేతి వేళ్ళను ఎడమ చేత్తో నొక్కుకున్నాడు. ఆ తరవాత ఇఫ్ అన్న చీటీని తన ముందుకు జరుపుకున్నాడు. ఒక్కో మాటా అడిగి తెలుసుకుంటూ చివరి రెండు వాక్యాలు తనే రాశాడు. కాగితం తడిసి ఉంటే తప్పు నాది. కాగితం పొడిగా ఉంటే దయచేసి పైపు వెనక గోడ పగలగొట్టి చూడండి.

మరదలు తెలుగులో చదివి వినిపించింది. భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"రెండోది ఉంచండి. మొదటిది తీసెయ్యండి. మన మెడకి మనమే తాడు అల్లుకోవడం ఎందుకు?"

"ఒకటి తీస్తే రెండోది నిలబడదు."

"ఎందుకు నిలబడదు? మా చెల్లెలి వ్యాకరణం ఒప్పుకోదా?"

"వ్యాకరణానికేం, ఒప్పుకుంటుంది. నేనే ఒప్పుకోలేను." అని, ఇన్నాళ్ళూ దాచిన వేళ్ళ సంగతి అప్పుడు చెప్పాడు. భార్య కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. ఉత్తరం అలాగే ఉండిపోయింది.

సోమవారం పది దాటాక కింది గది తలుపు తీశారు. బీమా ఆఫీసర్ ఉత్తరం నిలబడే చదివాడు. చివరి వాక్యాల దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివి, వడ్రంగిని పెట్టె విప్పమన్నాడు. వడ్రంగి మోకాళ్ళ మీద కూర్చుని మరల మీద రంగు గీకడం మొదలుపెట్టాడు.

"నేను కట్టినవన్నీ విప్పించడానికే పుట్టావా మేస్త్రీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వు మరీ బాగా కట్టావు. వచ్చిన చిక్కల్లా అదే."

వడ్రంగి నవ్వాడు కానీ మేస్త్రికి నవ్వు రాలేదు. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక్కో మర ఊడుతోంది. తొమ్మిదోది ఊడాక ముందు పలక పక్కకు జరిగింది. పలక అడుగు భాగం జానెడు ఎత్తు దాకా నాని ఉబ్బి ఉంది. ఆ పైన చెక్క చెక్కలాగే ఉంది. ఛాతీ ఎత్తున, జాయింటు చుట్టూ, తెల్ల దారంతో కట్టిన కాగితం.

ముందు చెయ్యి పెట్టింది మేడమే. రెండు వేళ్ళతో దాన్ని నలిపింది. ఎండుటాకులా గలగలమంది. దారం తెంపి విప్పి వెలుతురుకు పట్టింది. ఎక్కడా ముడత లేదు. పై అంచున మంగళవారం తేదీ, అచ్చు చెదరకుండా.

"పొడిగా ఉంది," అంది మేడమ్. అందరికంటే ముందు మేస్త్రి వైపు తిరిగి అంది.

గోడ పగలగొట్టడానికి అరగంట పట్టింది. లోపల, పక్కనున్న చేతులు కడుక్కునే గదికి పోయే పాత ఇనప పైపు తుప్పు పట్టి పొడుగునా చీలి ఉంది. మేస్త్రి ఉద్యోగంలో చేరకముందే గోడలో కలిపేసిన పైపు అది. నీళ్ళు గోడ మొదట్లోంచి బయటికి వచ్చి, పెట్టె అడుగున చేరి, అక్కడి నుంచి గదిలోకి పాకాయి. ఆ చీలిక చూశాక మేస్త్రి ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి మేడమ్ వచ్చింది. ఆయన లేవబోతే వద్దని చెయ్యి ఊపింది.

"ఉత్తరం బాగుంది. ఎవరు రాశారు?"

"నేనే మేడమ్. జాయింట్లు మా మరదలివి."

మేడమ్‌కి ఏం అర్థమైందో తెలియదు గానీ తలాడించింది. వేళ్ళ సంగతి కూడా ఆయన అక్కడే చెప్పేశాడు. వారం తిరక్కుండా ఆఖరి బిగింపులకు తోడుగా ఇంకో మనిషిని ఇచ్చారు. రిటైరయ్యేదాకా మేస్త్రి తన ఉద్యోగం తను చేసుకున్నాడు.

ఆ సోమవారం ఆయన బస్సు దిగి వచ్చేసరికి అక్కాచెల్లెళ్ళిద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. మరదలు బడికి సెలవు పెట్టేసింది.

"పొడిగా ఉంది," అన్నాడు.

భార్య అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. మరదలు అక్కను లేపబోయి తనూ పక్కన కూలబడింది. ఆయన వాళ్ళిద్దరినీ దాటుకుని లోపలికి వెళ్ళి, చొక్కా అయినా మార్చకుండా సంచీలోంచి రెంచీ తీశాడు. కుళాయి విప్పి, అరిగిన వాషర్ తీసి కొత్తది వేశాడు. ఆఖరి అర తిప్పు దగ్గర ఆగాడు. పిలవకుండానే భార్య వచ్చి ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి తిప్పారు. తరవాత బల్ల మీది పేపరు అందుకుని పై అంచు పొడుగ్గా చింపి, కుళాయి మెడకు చుట్టి దారం కట్టాడు.

ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది. పసుపు రంగుకు తిరిగింది. తేదీ మాత్రం చదవొచ్చు.

"ఇంటి కుళాయికి కూడానా బావా?" అంది ఆ రోజు మరదలు.

"ఏ కుళాయి అయితేనేం?"

"అది సరే," అంది భార్య, చిరిగిన పేపరు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని. "ఇది నేనింకా చదవలేదు."